చవక విడిభాగాలతో మంచి సైకిలు: కొలత, ఎంపిక, భద్రత



ఈనాటి మన పాఠ్యాంశం సైకిలు. సైకిలు తొక్కడం మీలో చాలామందికి వచ్చు. పంక్చరు వేయడం, ఊడిన చైను ఎక్కించడం కూడా కొందరికి వచ్చు. ఈ ప్రసంగంలో మనం ఇంకొక అడుగు ముందుకు వేద్దాం. మీ దగ్గరున్న పాత సైకిలును విడిభాగాలు మార్చి మెరుగుపరచుకోవడం ఎలా? చేతిలో డబ్బు కొంచెమే ఉన్నప్పుడు, బజారులో చవకగా దొరికే చైనా తయారీ భాగాలలో దేనిని కొనవచ్చు, దేనిని కొనకూడదు? ఇదీ మన ప్రశ్న.

ఈ ప్రశ్నకు సాధారణంగా రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "చైనా సరుకు కదా, నిలవదు" అని ఒకరంటారు. "అన్నీ అక్కడే తయారవుతాయి, అందుకని ఏది కొన్నా ఒకటే" అని ఇంకొకరంటారు. రెండూ సరైనవి కావు. ఒక భాగం మీ సైకిలుకు పనికి వస్తుందా లేదా అన్నది రెండు విషయాలను బట్టి తేలుతుంది. మొదటిది, దాని కొలత మీ సైకిలు కొలతతో కలుస్తుందా? రెండవది, అది విరిగితే మీరు రోడ్డు పక్కన ఆగిపోతారా, లేక రోడ్డు మీద పడిపోతారా? ఈ రెండు ప్రశ్నలనూ మనసులో పెట్టుకుని ప్రసంగాన్ని వినండి.

ఒక దేశపు కొలత, ఇంకొక దేశపు భాగం

చైనాలో తయారైన భాగం మన సైకిలుకు ఎలా సరిపోతుంది? దీనికి కొంత చరిత్ర ఉంది.

మన ఊళ్ళలో పాలవాళ్ళూ పోస్టుమేన్లూ తొక్కిన నల్లటి పెద్ద సైకిలును గుర్తు చేసుకోండి. దాని మూలం ఇంగ్లండులోని రోడ్‌స్టర్ సైకిలు. మద్రాసులో 1949లో మొదలైన టీఐ సైకిల్స్, సోనీపత్‌లో 1951లో మొదలైన అట్లాస్, లూధియానాలో 1956లో మొదలైన హీరో సైకిల్స్ ఆ నమూనానే లక్షలాది ఇళ్ళకు చేర్చాయి. చైనాలో తియాన్‌జిన్ నగరంలో 1950లో తయారైన 'ఫ్లయింగ్ పిజియన్' సైకిలు కూడా ఇంగ్లీషు రోడ్‌స్టర్ నమూనాలోనిదే. అంటే మన నల్ల సైకిలు, చైనావారి నల్ల సైకిలు ఒకే తల్లి బిడ్డలు.

పెడల్ గొట్టాలు తిరిగే ఇరుసును బాటమ్ బ్రాకెట్ అంటారు. దానిని ఫ్రేముకు బిగించే మరకు నేటికీ ఉన్న పేరు బీఎస్ఏ మర. బీఎస్ఏ అంటే బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్. 1861లో తుపాకుల తయారీ కోసం ఏర్పడి, తరువాత సైకిళ్ళలోకి వచ్చిన సంస్థ అది. ఆ మర వ్యాసం 1.37 అంగుళాలు, అంగుళానికి 24 చుట్లు. ఈనాడు చైనాలో తయారయ్యే చవక బాటమ్ బ్రాకెట్ మీద కూడా ఇవే అంకెలు కనిపిస్తాయి.

ఇక గేర్ల సంగతి. జపానులోని సకాయి నగరంలో 1921లో పుట్టిన షిమానో సంస్థ, 1984లో మీట నొక్కిన ప్రతిసారీ 'టక్' మని ఒక్కో గేరు మారే పద్ధతిని తన డ్యూరా-ఏస్ శ్రేణిలో తెచ్చింది. తైవానులో జెయింట్ సంస్థ 1972లో, చైన్లు చేసే కేఎంసీ 1977లో మొదలయ్యాయి. జెయింట్ మొదట అమెరికాలోని ష్విన్ వంటి సంస్థలకు వారి పేరు మీద సైకిళ్ళు చేసి పెట్టింది. అలా చేస్తూ చేస్తూ పని నేర్చుకుని, తరువాత సొంత పేరుతో నిలబడింది. తైవాను, జపాను సంస్థలు కాలక్రమంలో చైనా ప్రధాన భూభాగంలోనూ కర్మాగారాలు పెట్టాయి. అక్కడ పని నేర్చిన ప్రాంతాలలో చైనా సొంత సంస్థలు తలెత్తాయి. గేరు భాగాలు చేసే ఎల్-టూ, సెన్సా వంటివి అలాంటివే.

కాబట్టి 'చైనా తయారీ' అన్న మాట ఒకే నాణ్యతను సూచించదు. జపాను సంస్థ తన పర్యవేక్షణలో చేయించిన భాగమూ చైనా తయారీయే. సొంత పేరు నిలబెట్టుకోవాలని ఒక చైనా సంస్థ చేసిన భాగమూ చైనా తయారీయే. ఏ పేరూ లేకుండా, లేదా వేరొకరి పేరు దొంగతనంగా అచ్చువేసుకుని వచ్చిన భాగమూ చైనా తయారీయే. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు.

కొనే ముందు కొలవండి

చవక భాగాలతో నష్టపోయేవారిలో ఎక్కువమంది నాణ్యత వల్ల కాక, కొలత చూడక నష్టపోతారు. కొన్ని ముఖ్యమైన కొలతలు చూద్దాం.

మొదటిది చక్రం. '26 అంగుళాల టైరు ఇవ్వండి' అని అడిగితే దుకాణదారు రెండు రకాలలో ఏదైనా ఇవ్వవచ్చు. 26 × 1.95 అని రాసి ఉన్న టైరు కూర్చునే రిమ్ము వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1 3/8 అని రాసి ఉన్న దానిది 590 మిల్లీమీటర్లు. రెండింటికీ పేరు 26, తేడా 31 మిల్లీమీటర్లు. ఇంకొక విచిత్రం చూడండి. మన నల్ల సైకిలు చక్రాన్ని 28 × 1 1/2 అంటారు. దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు. కొత్త పర్వత సైకిళ్ళ చక్రాన్ని 29 అంగుళాలు అంటారు. దాని రిమ్ము 622 మిల్లీమీటర్లు మాత్రమే. పేరులో 28 ఉన్నదే 29 కంటే పెద్ద రిమ్ము! అందుకని అంగుళాల పేరును నమ్మవద్దు. టైరు పక్కగోడ మీద 50-559 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది వెడల్పు, రెండవది రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. ఆ రెండవ అంకె కలిస్తేనే కొనండి.

రెండవది స్పోకుల లెక్క. మన రోడ్‌స్టర్‌లో సంప్రదాయంగా ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలు ఉంటాయి. 36 రంధ్రాల హబ్బు తెచ్చి 40 రంధ్రాల రిమ్ముకు కట్టలేరు. హబ్బు కొనే ముందు రిమ్ము రంధ్రాలు లెక్కపెట్టడానికి ఒక నిమిషం పడుతుంది. లెక్కపెట్టకపోతే డబ్బంతా పోతుంది.

మూడవది మరల దిశ. ఎడమ పెడల్‌కు, బీఎస్ఏ బాటమ్ బ్రాకెట్‌లో కుడివైపు కప్పుకు లెఫ్ట్ థ్రెడ్ ఉంటుంది. అంటే మామూలు మరకు వ్యతిరేక దిశలో తిప్పితే అవి బిగుస్తాయి. తొక్కుతున్నప్పుడు వాటంతట అవి వదులు కాకుండా ఈ ఏర్పాటు. ఇది తెలియక బలం పెడితే అల్యూమినియం క్రాంకులోని మర కొట్టుకుపోతుంది. ఆ తప్పు భాగానిది కాదు, మనది.

నాలుగవది బేరింగు. ఇక్కడ ఒక మంచి వార్త ఉంది. చవక చైనా హబ్బులు చాలావాటిలో సీలు చేసిన బేరింగులు వస్తాయి. వాటి మీద 6001, 6902 వంటి అంకెలు చెక్కి ఉంటాయి. 6001 అంటే లోపలి వ్యాసం 12, బయటి వ్యాసం 28, వెడల్పు 8 మిల్లీమీటర్లు. 6902 అంటే 15, 28, 7. ఇవి అంతర్జాతీయంగా ఒకే కొలతలు. హబ్బుతో వచ్చిన చవక బేరింగు వానాకాలంలో గరగరలాడితే, అదే అంకె చెప్పి మీ ఊరి మోటారు విడిభాగాల దుకాణంలో మంచి బేరింగు కొని వేసుకోవచ్చు. హబ్బు ఏ దేశానిదైనా దాని ఆయుష్షు మీ చేతిలోకి వస్తుంది.

మీట, డీరైలర్: ఒక గుణకారం

చైనును ఒక పళ్ళచక్రం మీదనుంచి ఇంకొక దాని మీదికి జరిపే భాగాన్ని డీరైలర్ అంటారు. హ్యాండిల్ మీద ఉండే గేరు మీటను షిఫ్టర్ అంటారు. ఈ రెండింటి మధ్య ఒక సన్నని తీగ ఉంటుంది. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను.

కొన్నేళ్ళ క్రితం 9 గేర్ల షిఫ్టర్ నా దగ్గర ఉండగా, చవకగా వచ్చిందని 10 గేర్ల పర్వత సైకిలు డీరైలర్ ఒకటి కొన్నాను. రెండూ కొత్తవే, రెండూ మంచివే. మూడు సాయంత్రాలు తీగ బిగించి, వదిలి, మళ్ళీ బిగించి చూశాను. గేరు ఒకచోట కుదిరితే ఇంకొకచోట తప్పేది. కారణం కాగితం మీద రెండు నిమిషాల లెక్క.

పాత 9 గేర్ల షిమానో పద్ధతిలో మీట ఒక్కసారి నొక్కితే తీగ సుమారు 2.5 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ తరం డీరైలర్ దానిని సుమారు 1.7 రెట్లు చేస్తుంది. 2.5 ను 1.7 తో గుణిస్తే 4.25. వెనుక పళ్ళచక్రాల మధ్య దూరం సుమారు 4.35 మిల్లీమీటర్లు. దాదాపు సరిపోయింది, మిగిలిన కొద్ది తేడాను డీరైలర్ కప్పీలోని స్వల్పమైన వదులు సర్దుకుంటుంది. కానీ నేను కొన్న డీరైలర్ సుమారు 1.2 రెట్లే చేస్తుంది. 2.5 ను 1.2 తో గుణిస్తే 3. ఒక్కొక్క నొక్కుకు 1.35 మిల్లీమీటర్ల లోటు. మూడు నొక్కులకు లోటు 4 మిల్లీమీటర్లు దాటుతుంది. అంటే దాదాపు ఒక పళ్ళచక్రం దూరం తప్పిపోయింది. ఎన్ని సాయంత్రాలు తీగ బిగించినా ఈ లోటు తీరదు.

దీనినుంచి నేర్చుకోవలసిన సూత్రం ఇది: షిఫ్టర్‌ను, డీరైలర్‌ను ఒకే సంస్థ, ఒకే శ్రేణి నుంచి జతగా కొనండి. చైనా సంస్థలు వీటిని జతగానే అమ్ముతాయి. చైను, కాసెట్, చైన్‌వీల్ మాత్రం గేర్ల సంఖ్య కలిస్తే వేరు సంస్థలవైనా చాలావరకు కలిసి పనిచేస్తాయి.

బ్రేకు మీటలోనూ ఇలాంటి లెక్కే ఉంది. వి-బ్రేకుకు తీగ ఎక్కువ దూరం లాగే మీట కావాలి. పాత కాలిపర్ బ్రేకుకు తక్కువ దూరం లాగే మీట కావాలి. తక్కువ లాగే మీటను వి-బ్రేకుకు పెడితే, బ్రేకు పూర్తిగా పట్టేలోపే మీట హ్యాండిల్‌ను తాకుతుంది. ఎక్కువ లాగే మీటను కాలిపర్‌కు పెడితే మీట గట్టిగా అనిపిస్తుంది, చక్రం మాత్రం ఆగదు. పని అంటే బలం, దూరాల గుణకారమని భౌతికశాస్త్రంలో చదివారు కదా. అదే ఇక్కడా.

21 గేర్లా, 9 గేర్లా?

ఇప్పుడు ఒక నిజమైన ఎంపికను చూద్దాం. మీ దగ్గర 26 × 1.95 టైర్ల సైకిలు ఉంది. ముందు మూడు చైన్‌వీళ్ళు: 42, 34, 24 పళ్ళు. వెనుక ఏడు పళ్ళచక్రాల ఫ్రీవీల్: 14, 16, 18, 20, 22, 24, 28. మొత్తం 21 గేర్లు. మీ దారిలో ఒక ఎత్తు ఉంది, ఎక్కడం కష్టంగా ఉంది. ముందు ఒక్క 32 పళ్ళ చైన్‌వీల్, వెనుక 11 నుంచి 42 పళ్ళ వరకు 9 చక్రాల కాసెట్ పెట్టించుకొమ్మని స్నేహితుడు సలహా ఇచ్చాడనుకోండి. చేయాలా?

లెక్క వేద్దాం. ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగిస్తే, పెడల్ ఒక్క చుట్టుకు చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. మీ పాత సైకిలులో తేలిక గేరు 24/28, అంటే 0.86. బరువు గేరు 42/14, అంటే 3. కొత్త ఏర్పాటులో తేలిక గేరు 32/42, అంటే 0.76. బరువు గేరు 32/11, అంటే 2.91. చక్రం చుట్టుకొలత సుమారు 2.05 మీటర్లు కనుక, తేలిక గేరులో పెడల్ ఒక చుట్టుకు పాత సైకిలు 1.76 మీటర్లు, కొత్తది 1.56 మీటర్లు కదులుతుంది.

అంటే 9 గేర్లే 21 గేర్ల పరిధినంతా దాదాపు కప్పేశాయి. ఎలా? 21 లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్ళు. 24/14 అంటే 1.71. 34/20 అంటే 1.70. 42/24 అంటే 1.75. పేరుకు మూడు, కాలికి ఒకటే. కాబట్టి గేర్ల సంఖ్య చూసి సైకిలు గొప్పదనుకోవద్దు.

ఒక్క చైన్‌వీల్ పద్ధతిలో చైను జారకుండా ఉండటానికి ఒక చక్కని ఉపాయం ఉంది. చైనులో ఒక లంకె లోపల సన్నగా, మరొకటి వెడల్పుగా, ఇలా మారిమారి ఉంటాయి కదా. చైన్‌వీల్ పళ్ళను కూడా ఒకటి సన్నంగా, ఒకటి మందంగా చేస్తే చైను గట్టిగా పట్టుకుంటుంది. అమెరికా సంస్థ స్రామ్ 2012లో దీనిని పర్వత సైకిళ్ళలో తెచ్చింది. నేడు ఇలాంటి చైన్‌వీళ్ళు చైనా నుంచి చవకగా వస్తున్నాయి.

అయితే స్నేహితుడి సలహా పాటించే ముందు ఆగండి. మీ వెనుక హబ్బుకు ఫ్రీవీల్ మరతో బిగిసి ఉంది. కాసెట్ దాని మీదికి ఎక్కదు. దానికి ఫ్రీహబ్ అనే వేరే రకం హబ్బు కావాలి. అంటే కొత్త వెనుక చక్రం, కాసెట్, షిఫ్టర్, డీరైలర్, చైను, చైన్‌వీల్ అన్నీ కొనాలి. మరతో బిగించే 9 చక్రాల ఫ్రీవీళ్ళు కూడా దొరుకుతాయి. కానీ వెడల్పాటి ఫ్రీవీల్‌లో కుడివైపు బేరింగు బాగా లోపలికి పోతుంది. ఇరుసు చివర ఆధారం లేకుండా పొడుగ్గా మిగిలి, గుంతల్లో వంగిపోతుంది.

మరి మీ సమస్య ఏమిటి? ఎత్తు ఎక్కడం. ఆ 14-28 ఫ్రీవీల్ తీసి, ఏడు చక్రాల 14-34 ఫ్రీవీల్ బిగించండి. తేలిక గేరు 24/34, అంటే 0.71 అవుతుంది. స్నేహితుడు చెప్పిన ఖరీదైన ఏర్పాటు కంటే ఇదే తేలిక! కావలసినవి ఒక ఫ్రీవీల్, ఒక కొత్త చైను. మీ డీరైలర్ 34 పళ్ళ చక్రాన్ని తట్టుకోగలదా అని మాత్రం ముందే చూసుకోవాలి. సమస్య ఏమిటో తేల్చుకుని లెక్క వేస్తే, కొనవలసిన భాగాల జాబితా తరచుగా చిన్నదవుతుంది.

ఆగిపోయే భాగాలు, పడదోసే భాగాలు

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాం. భాగాలను మూడు వర్గాలుగా విడదీయండి.

మొదటి వర్గం, పాడైతే ఇబ్బంది మాత్రమే కలిగించేవి: డీరైలర్, షిఫ్టర్, ఫ్రీవీల్, కాసెట్, హబ్బు బేరింగులు, సీటు, స్టాండు, మడ్‌గార్డు. ఇవి పనిచేయకపోతే ఎక్కువ సందర్భాలలో సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వస్తారు. ఇక్కడ చవక చైనా భాగాలతో ధైర్యంగా ప్రయోగం చేయవచ్చు.

రెండవ వర్గం, జాగ్రత్తగా చూసి కొనవలసినవి: చైను, పెడళ్ళు, క్రాంకులు, సీటు గొట్టం, వెనుక చక్రం. నిలబడి బలంగా తొక్కుతున్నప్పుడు చైను తెగినా, పెడల్ ఇరుసు విరిగినా పడిపోతారు. సొంత పేరు, నమూనా సంఖ్య ఉన్న సంస్థలవే కొనండి.

మూడవ వర్గం, విరిగితే మనిషిని పడదోసేవి: ముందు ఫోర్కు, హ్యాండిల్, దానిని పట్టుకునే స్టెమ్, బ్రేకులు, ముందు చక్రం, ఫ్రేము. వీటిలో పేరులేని చవక సరుకు వద్దు. డబ్బు లేకపోతే పాతదానినే ఉంచుకోండి. సైకిలుతో వచ్చిన బరువైన ఉక్కు హ్యాండిల్ అందంగా లేకపోవచ్చు, కానీ అది తన పని చేస్తోంది.

ఎందుకు ఇంత పట్టుదల? ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఎన్నోసారికో తెగిపోతుంది. ఒక్క వంపుకు తెగని లోహం, వేల చిన్న వంపులకు తెగుతుంది. దీనిని లోహపు అలసట అంటారు. ఉక్కుకు ఒక హద్దు ఉంది. ఆ హద్దులోపలి బలాలను అది ఎన్నిసార్లయినా దాదాపు భరిస్తుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. చిన్న బలమైనా ఎన్నిసార్లు పడిందో లెక్కలోకి వస్తుంది. అందుకే సైకిళ్ళ భద్రతకు సంబంధించిన ఐఎస్ఓ 4210 అంతర్జాతీయ ప్రమాణంలో హ్యాండిల్‌ను, ఫోర్కును యంత్రంలో బిగించి లక్ష సార్లు వంచి చూసే పరీక్షలు ఉన్నాయి. పేరున్న సంస్థ ఆ ఖర్చు భరిస్తుంది. పేరులేని సంస్థ భరించిందని మీకు ఎవరు చెబుతారు?

కార్బన్ భాగాలతో ఇంకా జాగ్రత్త. కార్బన్ పోగుల పొరలను జిగురుతో అచ్చులో ఒత్తి వీటిని చేస్తారు. పొరల మధ్య గాలి బుడగ మిగిలినా పైన మెరుపు మెరుపుగానే ఉంటుంది. అల్యూమినియం చాలాసార్లు ముందు వంగి, చిన్న పగులు చూపించి హెచ్చరిస్తుంది. కార్బన్ ఒక్కసారిగా విరగవచ్చు.

ఒక విద్యార్థి మా వర్క్‌షాపుకు కార్బన్ హ్యాండిల్ తెచ్చిన రోజు నాకు ఇంకా గుర్తే. దాని మీద ఒక ప్రసిద్ధ సంస్థ పేరు ఉంది. ధర ఆ సంస్థ ధరలో నాలుగో వంతు కూడా లేదు. అది నకిలీ అని చెప్పి, వేయవద్దన్నాను. అతను ఇంట్లో బిగించుకున్నాడు. కొన్ని నెలల తరువాత స్పీడ్ బ్రేకరు మీద స్టెమ్ అంచు దగ్గర అది విరిగింది. దవడ ఎముక చిట్లింది, ముందు పళ్ళు రెండు పోయాయి. బాగుపడి తిరిగి వచ్చాక, మాటలు కుదరక, విరిగిన ముక్కను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. లోపలి పొరలు చేతితో విడదీయగలిగేంత వదులుగా ఉన్నాయి. నేను 'వద్దు' అన్నానే కానీ, ఎందుకు వద్దో ఇలా కూర్చోబెట్టి చెప్పలేదు. ఈ ప్రసంగంలో ఈ భాగాన్ని ఇంత వివరంగా చెప్పడానికి అదే కారణం.

ఒక సూత్రం గుర్తుంచుకోండి. తన పేరు తానే వేసుకున్న చవక వస్తువును పరీక్షించి వాడవచ్చు. పరాయి పేరు వేసుకున్న చవక వస్తువును ముట్టుకోవద్దు. పేరు విషయంలోనే అబద్ధమాడినవాడు లోపలి పొరల విషయంలో నిజం చెప్పడు.

ఎక్కడ కొనాలి, ఏ వరుసలో ఖర్చు పెట్టాలి

భారత ప్రభుత్వం 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌తో సహా 43 యాప్‌లను నిషేధించింది. 2023 బడ్జెట్‌లో పూర్తి సైకిళ్ళ మీద దిగుమతి సుంకాన్ని 30 శాతం నుంచి 35 శాతానికి పెంచింది. చైనా భాగాలు మన దగ్గరికి ఎక్కువగా దిగుమతిదారుల ద్వారా, ఢిల్లీలోని ఝండేవాలాన్ వంటి టోకు సైకిలు బజార్ల ద్వారా వస్తాయి. దుకాణంలో కొన్నా, ఇంటర్నెట్‌లో కొన్నా బిల్లు అడిగి తీసుకోండి. లోపం ఉంటే తిరిగి ఇవ్వగల భాగమే నిజంగా చవక భాగం. అలాగే, ఫ్రీవీల్, రిమ్ము, సాధారణ చైను వంటివి లూధియానాలోనూ తయారవుతాయి. కొలత కలిసి, ధర దగ్గరగా ఉంటే మన ఊరి దుకాణంలో దొరికే స్వదేశీ భాగాన్నీ పోల్చి చూడండి.

మీ దగ్గర 5,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఏ వరుసలో ఖర్చు పెట్టాలి? ముందుగా బ్రేకు రబ్బర్లు, బ్రేకు తీగలు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే 80 కిలోల బరువు, అంటే మీరూ మీ సైకిలూ కలిపి, సుమారు 1,235 జౌళ్ళ గతిశక్తితో ఉంటారు. వేగం 40 అయితే ఆ శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. దానినంతా మింగవలసింది ఆ చిన్న రబ్బరు ముక్కలే. రెండవది టైర్లు, ట్యూబులు. మూడవది చైను, ఫ్రీవీల్. నాలుగవది బేరింగులు, గ్రీజు. ఇవన్నీ అయ్యాక మిగిలితే గేర్ల మార్పు గురించి ఆలోచించండి.

బరువు తగ్గించడానికి మాత్రం తొందరపడవద్దు. మీరూ సైకిలూ కలిపి 90 కిలోలు అనుకుంటే, ఒక కిలో తగ్గించినందువల్ల ఎత్తు ఎక్కేటప్పుడు మిగిలేది శ్రమలో 90వ వంతు, అంటే ఒక శాతం పైచిలుకు. టైర్లలో సరైన గాలి ఉంచుకోవడం వల్ల ఏ ఖర్చూ లేకుండానే అంతకంటే ఎక్కువ తేడా తెలియవచ్చు.

బిగించడం, పరీక్షించడం

మంచి భాగాన్ని తప్పుగా బిగిస్తే అది చెడ్డ భాగమే. స్టెమ్ బోల్టుల పక్కన 5 న్యూటన్ మీటర్లు అనో 6 అనో రాసి ఉంటుంది. 5 న్యూటన్ మీటర్లు అంటే 10 సెంటీమీటర్ల పొడవున్న అలెన్ కీ చివర సుమారు 5 కిలోల బరువు వేలాడదీసినంత బలం. అంతకంటే చాలా ఎక్కువ బిగిస్తే సన్నని గొట్టం నలుగుతుంది, తక్కువైతే హ్యాండిల్ తిరిగిపోతుంది. టార్క్ రెంచి ఒకటి స్నేహితులు నలుగురు కలిసి కొనుక్కోండి.

చైను అరుగుదలను స్కేలుతోనే కొలవవచ్చు. చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం సరిగ్గా అర అంగుళం. కొత్త చైనులో 24 అర అంగుళాలు 12 అంగుళాలు. ఆ పొడవు 12 అంగుళాల మీద 1/16 పెరిగితే చైను మార్చండి. 1/8 దాకా ఆగితే ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగిపోయి, చైనుతో పాటు దానినీ కొనాలి. సరైన సమయంలో మార్చిన చవక చైను, ఆలస్యంగా మార్చిన ఖరీదైన చైను కంటే లాభం.

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు కొంటే, దానిలో మినరల్ ఆయిల్ పోయాలా, డాట్ ద్రవం పోయాలా అని చూడండి. ఒకదానిది ఇంకొకదానిలో పోస్తే లోపలి రబ్బరు సీళ్ళు పాడై బ్రేకు పోతుంది. కొత్త చక్రం వస్తే, స్పోకులను వేలితో మీటి చూడండి. ఒకే వైపున్న స్పోకులు దాదాపు ఒకే శ్రుతిలో మోగాలి. ఒకటి 'టింగ్', ఇంకొకటి 'థడ్' అంటే బిగువు సమంగా లేదు. రోడ్డెక్కే ముందు మీ ఊరి మెకానిక్ చేత బెండు తీయించండి. ఆ పని అతని చేతికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియదు. పక్కన నిలబడి చూసి నేర్చుకోండి.

అన్నీ బిగించాక, బండ్లు తిరగని మైదానంలో పరీక్షించండి. సైకిలును పట్టుకుని ముందు బ్రేకు నొక్కి ముందుకు తోయండి. తరువాత నెమ్మదిగా తొక్కి, ఆపి, దిగి ప్రతి బోల్టునూ మళ్ళీ చూడండి. కొన్ని రోజులు తొక్కాక ఇంకొకసారి చూడండి. హ్యాండిల్, ఫోర్కు తుడిచేటప్పుడు సన్నని గీతలాంటి పగులు కనిపిస్తే, ఆ రోజుతో దాని పని అయిపోయినట్టే.

విద్యార్థులారా, ముగించే ముందు ఇంటి దగ్గర చేయవలసిన పని ఒకటి ఇస్తాను. ఈ ఆదివారం ఒక కాగితం, ఒక స్కేలు తీసుకుని మీ సైకిలు దగ్గర కూర్చోండి. టైరు మీది అంకెలు, స్పోకుల సంఖ్య, చైన్‌వీళ్ళ పళ్ళు, ఫ్రీవీల్ పళ్ళు, 24 అర అంగుళాల చైను పొడవు రాసుకోండి. తేలిక గేరు, బరువు గేరు లెక్క కట్టండి. తరువాత భాగాలను నేను చెప్పిన మూడు వర్గాలలో రాసి, మూడవ వర్గంలోని ప్రతి భాగాన్నీ తుడిచి వెలుతురులో చూడండి. ఆ కాగితం మీ దగ్గరుంటే ఏ దుకాణానికి వెళ్ళినా, ఏ దేశపు భాగాన్ని చూసినా, ఏది అడగాలో మీకు తెలుస్తుంది.

డబ్బు తక్కువగా ఉన్నవాడు తప్పు చేయకూడదని అంటారు. తప్పులు చేయవచ్చు, అవి డీరైలర్ దగ్గర చేయండి, హ్యాండిల్ దగ్గర వద్దు.